గెలిపించిన ఆటగాడికి థ్యాంక్స్ చెప్పడానికి అతని ఛారిటీకి డబ్బు పంపడం: మనమూ చేద్దామంటే దారేంటి?

బెజవాడ_బఫెలో

అందరికీ నమస్తే. విషయం కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

నేను అమెరికాలో బఫెలో అనే ఊళ్ళో ఉంటాను, నయాగరా జలపాతం దగ్గర. చదువుకోవడానికి వచ్చాను, ఇక్కడే ఉద్యోగం దొరికింది, ఉండిపోయాను. ఈ ఊరికి బఫెలో బిల్స్ అనే ఫుట్‌బాల్ జట్టంటే ప్రాణం (అమెరికన్ ఫుట్‌బాల్, బంతిని చేత్తో విసిరేది). వీళ్ళకి ఒక అలవాటుంది. కొత్తలో నాకు వింతగా అనిపించింది, ఇప్పుడు ఈ ఊళ్ళో నాకు అన్నిటికంటే నచ్చేది అదే. ఏ ఆటగాడైనా వీళ్ళకి మేలు చేసినా, ఎవరికైనా కష్టం వచ్చినా, అతని పేరు మీద నడిచే ఛారిటీకో, అతను అండగా నిలబడే ఆసుపత్రికో డబ్బు పంపేస్తారు. పెద్ద మొత్తాలేం కాదు, చాలామంది పంపేది 17 డాలర్లు.

2020 నవంబర్‌లో మా క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపించే ఆటగాడు) జాష్ ఆలెన్ నాయనమ్మ ప్యాట్రీషియా చనిపోయారు. మర్నాడు మ్యాచ్ ఉంటే ఆడాడు, గెలిపించాడు. విషయం తెలిసిన దగ్గర్నుంచీ జనం ఇక్కడి ఓయిషై పిల్లల ఆసుపత్రికి తలా 17 డాలర్లు పంపడం మొదలుపెట్టారు, ఎందుకంటే అతని జెర్సీ నంబర్ 17. అది పెరిగి పెరిగి పది లక్షల డాలర్లు దాటింది, ఆసుపత్రిలో ఒక విభాగానికి ఆవిడ పేరు పెట్టారు. మరో రెండు నెలలకి, 2021 జనవరిలో, ప్లేఆఫ్ మ్యాచ్‌లో బాల్టిమోర్ ఆటగాడు లమార్ జాక్సన్ తలకి దెబ్బ తగిలి బయటికి వెళ్ళిపోయాడు. అవతలి జట్టు మనిషి, పైగా ఆ మ్యాచ్‌లో బిల్స్ గెలిచింది కూడా. అయినా వీళ్ళు అతను మద్దతిచ్చే సంస్థకి పంపారు. బడి ఉన్న రోజుల్లో స్కూల్ భోజనం మీద ఆధారపడే పిల్లలకి శని, ఆదివారాలకి తిండి సంచులు ఇచ్చే సంస్థ అది.

ఇప్పుడు నా సమస్య. మా ఇంజనీరింగ్ బ్యాచ్‌కి వాట్సాప్ గ్రూప్ ఉంది, అందరూ క్రికెట్ పిచ్చోళ్ళే, సగం మంది విజయవాడ, కాకినాడ, హైదరాబాద్‌లలో ఉన్నారు, మిగతావాళ్ళం బయట. జనవరి 11 వస్తోందంటే చాలు, గ్రూప్‌లో 2021 నాటి ఇండియా-ఆస్ట్రేలియా సిడ్నీ టెస్ట్ క్లిప్పులు మొదలవుతాయి. విహారి, అశ్విన్ నిలబడి డ్రా చేసిన మ్యాచ్. ఈసారి నేను ఒక మాటన్నాను: ఏటా స్టేటస్‌లు పెట్టుకుంటున్నాం, ఈసారి తలా ఇంత వేసి ఆ ఇన్నింగ్స్ పేరు మీద ఎవరికైనా పంపుదాం అని. అంతే, గొడవ మొదలైంది. ఒకడు "ఆటగాళ్ళ దగ్గర కోట్లున్నాయి, మనం ఇవ్వడమేంటి" అన్నాడు. ఇంకొకడు సెలబ్రిటీ ట్రస్టులన్నీ పన్ను తప్పించుకోవడానికే అన్నాడు. మూడోవాడు అసలు ఎవరికి పంపుతామో చెప్పు ముందు అన్నాడు, అది మాత్రం న్యాయమైన ప్రశ్నే.

అందుకే అడుగుతున్నాను. ఇలా పంపిన డబ్బు నిజంగా పనికొస్తుందా? మన తెలుగువాళ్ళలో ఎవరైనా ఇలాంటిది చేశారా? కొందరం అమెరికాలో, కొందరం ఇండియాలో ఉన్నాం కాబట్టి డబ్బు పంపడంలో చిక్కులేంటి? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

ఒహాయో_గుంటూరు

బ్రో, మీ ఊరివాళ్ళ అలవాటు గురించి చెప్పావు కానీ అది మొదలైంది మా ఊరితో. నేను సిన్సినాటిలో ఉంటాను, ఆ కథ నాకు బాగా తెలుసు, చెప్తాను విను, ఎందుకంటే నీ మొదటి ప్రశ్నకి జవాబు అందులోనే ఉంది.

2017 డిసెంబర్ 31, సీజన్‌లో ఆఖరి రోజు. మీ బిల్స్ 1999 సీజన్ తర్వాత ఒక్కసారి కూడా ప్లేఆఫ్స్‌కి వెళ్ళలేదు, పదిహేడేళ్ళ కరువు. ఆ రోజు మయామీలో వాళ్ళ మ్యాచ్ వాళ్ళు గెలిచారు కానీ అది సరిపోదు, బాల్టిమోర్ ఓడిపోవాలి. బాల్టిమోర్‌తో ఆడుతున్నది మా సిన్సినాటి బెంగాల్స్. మావాళ్ళకి ఆ మ్యాచ్‌లో పోయేదీ లేదు, వచ్చేదీ లేదు, సీజన్ ఎప్పుడో పోయింది. బాల్టిమోర్ 27-24తో ముందుంది, నిమిషం కూడా లేదు, ఆఖరి ప్రయత్నం, ఇంకా పన్నెండు గజాలు కావాలి. మా క్వార్టర్‌బ్యాక్ ఆండీ డాల్టన్ విసిరిన బంతిని టైలర్ బాయ్డ్ పట్టుకుని పరిగెత్తి 49 గజాల టచ్‌డౌన్ చేశాడు (అంటే బంతితో అవతలి జట్టు గీత దాటేశాడు). అప్పటికి గడియారంలో మిగిలింది 44 సెకన్లు. 31-27, బాల్టిమోర్ ఇంటికి, మీ బఫెలో ప్లేఆఫ్స్‌కి. మయామీ డ్రెస్సింగ్ రూమ్‌లో టీవీ చూస్తున్న బిల్స్ ఆటగాళ్ళు గెంతులేసిన వీడియో ఇప్పటికీ దొరుకుతుంది, చూడకపోతే చూడు.

ఆ రాత్రి నుంచే ఆండీ, ఆయన భార్య నడిపే ఫౌండేషన్‌కి బఫెలో నుంచి డబ్బు రావడం మొదలైంది. పదిహేడేళ్ళకి పదిహేడు డాలర్లు. (ఆలెన్ జెర్సీ నంబర్ కూడా 17 కావడం తర్వాత కలిసొచ్చింది, అతను ఇంకా జట్టులోకే రాలేదు అప్పటికి.) కొద్ది రోజుల్లో మూడు లక్షల డాలర్లు దాటింది, వేల మంది ఇచ్చారు. ఎవరో ఒక పెద్దాయన చెక్కు రాస్తే వచ్చేది కాదు అది. ఆ ఫౌండేషన్ తీవ్రమైన జబ్బులున్న పిల్లలకి, అంగవైకల్యం ఉన్న పిల్లలకి సాయం చేస్తుంది, ఇక్కడా, టెక్సస్‌లో ఫోర్ట్‌వర్త్‌లోనూ. వైద్యం ఖర్చు భరించలేని కుటుంబాలకి డబ్బు సాయం, పిల్లల్ని ఒక రోజు ఎమ్యూజ్‌మెంట్ పార్క్‌కి తీసుకెళ్ళడం, ఇలాంటివి. బంతి పట్టుకున్న బాయ్డ్‌ని కూడా మర్చిపోలేదు, పెన్సిల్వేనియాలో అతని సొంత ప్రాంతపు పిల్లల క్రీడా సంఘానికి కూడా పంపారు. డాల్టన్ బఫెలోలో హోర్డింగ్ పెట్టించి మరీ థ్యాంక్స్ చెప్పాడు.

ఇంకో విషయం తెలుసా, అంత చేసి బిల్స్ తర్వాతి వారమే జాక్సన్‌విల్‌తో 10-3తో ఓడిపోయి బయటికొచ్చేసింది. ఒక్క మ్యాచ్ ముచ్చట. అయినా డబ్బిచ్చినవాళ్ళెవరూ బాధపడలేదు, ఎందుకంటే అది కప్పు కోసం ఇచ్చింది కాదు, ఆ 44 సెకన్ల ముందు పడిన పాస్ కోసం ఇచ్చింది. మనవాళ్ళు పెళ్ళిలో నూట పదహార్లు చదివించినట్టే అనిపిస్తుంది నాకు: అంకె చిన్నదే, కానీ ఆ అంకె ఎందుకో అందరికీ తెలుసు, ఉన్నవాడూ లేనివాడూ అదే ఇస్తాడు కాబట్టి ఎవరికీ నామోషీ ఉండదు.

ఇక "వాళ్ళ దగ్గర కోట్లున్నాయి" అన్న మీవాడికి చెప్పు, ఆ మూడు లక్షల్లో ఒక్క డాలర్ కూడా డాల్టన్ జేబులోకి పోలేదు. అతని పేరు ఆ డబ్బుకి దారి చూపించింది, అంతే.

ఆఫ్‌స్టంప్_కాకినాడ

బెజవాడ అన్నా, సిడ్నీ పేరెత్తావు, విహారి పుట్టింది మా కాకినాడలోనే కాబట్టి నేను మాట్లాడకపోతే మా ఊరు నన్ను రానివ్వదు.

ముందు ఆ ఇన్నింగ్స్ సంగతి, చూడనివాళ్ళ కోసం. 407 కొట్టాలి, పుజారా 77, పంత్ 97 చేసి వెళ్ళిపోయారు. జడేజా బొటనవేలు విరిగి ప్యాడ్లు కట్టుకుని కూర్చున్నాడు. విహారి పరుగు తీస్తుంటే తొడ కండరం పట్టేసింది, ఇక పరిగెత్తలేడు. అవతల అశ్విన్‌కి నడుము నొప్పి. అక్కడి నుంచి వాళ్ళిద్దరూ ఇంకో వికెట్ పడకుండా సాయంత్రం దాకా నిలబడ్డారు. విహారి 161 బంతులాడి 23 నాటౌట్, అశ్విన్ 128 బంతులాడి 39 నాటౌట్, స్కోరు 334కి 5. ఇరవైమూడు పరుగుల కోసం నేను ఏడ్చింది అదొక్కసారే. తర్వాతి బ్రిస్బేన్ టెస్ట్‌లో పంత్ కొట్టిన ఫోర్ అందరికీ గుర్తుంది, సిరీస్ గెలిచాం, కానీ సిడ్నీలో ఓడిపోయుంటే 2-1తో వెనకబడేవాళ్ళం, బ్రిస్బేన్ గెలిచినా సిరీస్ వచ్చేది కాదు. గాయంతో విహారి ఆ బ్రిస్బేన్ మ్యాచ్ ఆడలేకపోయాడు కూడా.

ఇంకోటి చాలామంది గమనించరు. ఆ సిడ్నీ టెస్టే పింక్ టెస్ట్. ఆస్ట్రేలియా బౌలర్ గ్లెన్ మెక్‌గ్రాత్ భార్య జేన్ రొమ్ము క్యాన్సర్‌తో 2008లో చనిపోయింది, ఆమె బతికుండగానే ఇద్దరూ కలిసి మెక్‌గ్రాత్ ఫౌండేషన్ పెట్టారు, క్యాన్సర్ వచ్చిన వాళ్ళ పక్కన ఉండే నర్సుల జీతాల కోసం. 2009 నుంచి సిడ్నీలో జనవరి టెస్ట్‌ని గులాబీ రంగులో చేస్తున్నారు. 2021లో కోవిడ్ వల్ల స్టేడియంలోకి కొద్దిమందినే రానిచ్చారు కాబట్టి, 20 డాలర్లకి ఒక ఊహా సీటు "కొనుక్కోమన్నారు". ఆ సీటులో ఎవరూ కూర్చోరు, డబ్బు మాత్రం నర్సులకి వెళ్తుంది. అంటే మా విహారి నిలబడ్డ ఆ రోజే, అదే గ్రౌండ్ పేరు మీద, అభిమానులు ఇలాగే డబ్బు పంపుతున్నారు. మీ గ్రూప్‌కి కావాలంటే అదొక దారి, ఆ మ్యాచ్‌కి సూటిగా సంబంధం ఉన్న సంస్థ.

కానీ నేను చెప్పాలనుకున్నది ఇంకొకటి. అదే ఏడాది ఏప్రిల్, మే నెలల్లో రెండో వేవ్. విహారి అప్పుడు ఇంగ్లండ్‌లో వార్విక్‌షైర్‌కి ఆడుతున్నాడు. ట్విట్టర్‌లో ఎవరికి బెడ్ కావాలన్నా, ఆక్సిజన్ కావాలన్నా, ప్లాస్మా కావాలన్నా అతను పోస్ట్ చేసేవాడు. ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటకల్లో వంద మంది దాకా వాలంటీర్లు, వాట్సాప్ గ్రూప్‌లో కలిసి పనిచేశారు, స్నేహితులు, అతన్ని ఫాలో అయ్యేవాళ్ళే. ఫౌండేషన్ లేదు, రసీదు పుస్తకం లేదు. అభిమానులు ఇచ్చింది వాళ్ళ టైమ్, వాళ్ళ ఫోన్లు. ఆ రోజుల్లో మేం కూడా ఇక్కడ నంబర్లు పట్టుకుని ఏ ఆసుపత్రిలో బెడ్ ఖాళీ ఉందో ఫోన్ చేసి కనుక్కుని, అబద్ధం నంబర్లు తీసేసి, నిజమైనవి ముందుకు పంపేవాళ్ళం. పది నంబర్లకి చేస్తే ఒకటి పలికేది. ఆ ఒకటి దొరికినప్పుడు అవతల మనిషి గొంతు ఎలా మారిపోతుందో విన్నవాడికే తెలుస్తుంది.

కాబట్టి "మన తెలుగువాళ్ళలో ఎవరైనా చేశారా" అంటే, చేశారు అన్నా. డబ్బు లెక్కలో కనపడదు, అంతే.

బెజవాడ_బఫెలో

కాకినాడ తమ్ముడూ, ఇది గ్రూప్‌లో పెట్టేశాను. పింక్ టెస్ట్ సంగతి నాకు అస్సలు తెలీదు, మ్యాచ్ మొత్తం చూశాను కానీ ఆ గులాబీ టోపీలు ఏదో స్పాన్సర్‌వి అనుకున్నాను. తలా 161 రూపాయలు అని ఒకడు అప్పుడే అనేశాడు, 161 బంతులకి. గవాస్కర్ తన డెబ్బయ్యో పుట్టినరోజుకి తన 35 సెంచరీల లెక్కన 35 మంది పిల్లల గుండె ఆపరేషన్లకి ఖర్చు పెట్టుకున్నాడని ఇంకొకడు గుర్తుచేశాడు. సెంచరీలకి ఒక లెక్క ఉన్నప్పుడు బంతులకి ఎందుకు ఉండకూడదు?

పన్నులు, రూల్స్ తెలిసినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి.

ఆడిట్_అమీర్‌పేట

నేను సీఏని, ట్రస్టుల ఆడిట్లు చేస్తుంటాను. ఉత్సాహం మీద నీళ్ళు చల్లడానికి కాదు, కానీ మీ గ్రూప్‌లో రెండోవాడు అన్న మాటలో కొంత నిజముంది, దాన్ని తోసేయకండి.

2013లో ఈఎస్‌పీఎన్ వాళ్ళు అమెరికాలో పేరున్న ఆటగాళ్ళు పెట్టిన 115 ఛారిటీల లెక్కలు తీసి చూస్తే, 74 శాతం సంస్థలు మంచి స్వచ్ఛంద సంస్థకి ఉండాల్సిన ప్రమాణాల్లో ఏదో ఒకటైనా అందుకోలేదు. అందరూ దొంగలని కాదు దాని అర్థం. చాలావరకు జరిగేదేంటంటే, ఆటగాడికి మంచి మనసు ఉంటుంది, నడిపేది బంధువులో స్నేహితులో అయి ఉంటారు, గోల్ఫ్ టోర్నమెంట్, డిన్నర్ అంటూ కార్యక్రమాలకే సగం పోతుంది, ఆట నుంచి రిటైర్ అవగానే సంస్థ మూతపడుతుంది. కాబట్టి పేరు చూసి కాదు, కాగితం చూసి పంపండి. అమెరికాలో అయితే పని తేలిక, పన్ను మినహాయింపు ఉన్న సంస్థ పేరు ఐఆర్ఎస్ (అక్కడి పన్ను శాఖ) వెబ్‌సైట్‌లో వెతకొచ్చు, ఫారం 990 అని ఏటా దాఖలు చేసే రిటర్న్ ఎవరైనా చూడొచ్చు, ఎంత వచ్చింది, జీతాలకెంత, అసలు పనికెంత అన్నీ ఉంటాయి. మన దేశంలో అంత తెరిచి ఉండదు, కానీ 12ఏ, 80జీ (ట్రస్టుకీ, దాతకీ పన్ను మినహాయింపులిచ్చేవి) రిజిస్ట్రేషన్ నంబర్లు అడగండి, ఆదాయపు పన్ను శాఖ సైట్‌లో సరిచూసుకోండి, వార్షిక నివేదిక అడగండి. అడిగితే మొహం మాడ్చుకునే సంస్థ అయితే వదిలేయండి.

వ్యక్తుల ఫండ్ రైజింగ్ పేజీల విషయంలో ఇంకా జాగ్రత్త. 2023 జనవరి 2న మీ బిల్స్ ఆటగాడు డమార్ హామ్లిన్ సిన్సినాటిలో మ్యాచ్ మధ్యలో గుండె ఆగి పడిపోయాడు కదా. అతను పిల్లలకి బొమ్మలు కొనడానికి 2,500 డాలర్ల లక్ష్యంతో పెట్టుకున్న పాత పేజీ ఒకటుంది. జనం దాన్ని వెతికి పట్టుకుని పంపడం మొదలుపెడితే, కొద్ది రోజుల్లో 80 లక్షల డాలర్లు దాటింది. ఆ పేజీ నిజమైనది. కానీ అలాంటి సమయంలో అదే ఫొటో, అదే పేరుతో దొంగ పేజీలు పుట్టుకొస్తాయి, ఎప్పుడూ జరిగేదే. జట్టు, లేదా ఆటగాడి సొంత అకౌంట్ ఇచ్చిన లింకు కాకపోతే ముట్టుకోవద్దు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, ఇక్కడ కొందరు అక్కడ కొందరు అన్నది. ఇది చాలామందికి తెలీదు, నెమ్మదిగా చదవండి. విదేశాల్లో ఉన్నా ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా ఇక్కడి ట్రస్టుకి ఇస్తే అది విదేశీ విరాళం కింద రాదు. అదే మీలో ఎవరైనా అమెరికన్ పౌరసత్వం తీసేసుకుని ఉంటే, ఓసీఐ కార్డున్నా సరే, వాళ్ళది విదేశీ విరాళమే. అలాంటి డబ్బు తీసుకోవాలంటే ఆ ట్రస్టుకి ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ డబ్బు ముందు ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో వాళ్ళకున్న ప్రత్యేక ఖాతాలోకే రావాలి. రిజిస్ట్రేషన్ లేని చిన్న ట్రస్టుకి అభిమానం కొద్దీ పంపితే ఇబ్బంది పడేది ఆ ట్రస్టే. మీ వెయ్యి రూపాయల కోసం వాళ్ళు నోటీసులు అందుకోవాల్సి వస్తుంది, మంచి చేయబోయి వాళ్ళని ఇరికించినట్టవుతుంది.

పన్ను మినహాయింపు: ఇండియాలో ఉన్నవాళ్ళకి 80జీ కింద చాలా ట్రస్టులకి ఇచ్చిన దాంట్లో సగానికి వస్తుంది, నగదు అయితే 2,000 రూపాయల దాకానే, పైగా పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకే, కొత్త విధానంలో లేదు. 161 రూపాయలకి దీని గురించి ఆలోచించక్కర్లేదు కానీ రసీదు మాత్రం తీసుకోండి, రసీదు ఇచ్చే అలవాటున్న సంస్థే లెక్క రాసే సంస్థ. అమెరికాలో ఉన్నవాళ్ళు ఇండియా ట్రస్టుకి నేరుగా ఇస్తే అక్కడి పన్నులో తగ్గింపు రాదు.

కల్లెడ_దారి

నమస్తే. నేను వరంగల్ జిల్లాలో స్కూల్ టీచర్‌ని. అందరూ బాగా రాశారు, కానీ ఒక మాట అడగాలి. ఎందుకు ఎప్పుడూ ఆటగాడి పేరున్న సంస్థ దగ్గరికే వెళ్తాం? మన ఆటగాళ్ళలో చాలామందికి ఫౌండేషన్ ఉండదు, పెట్టుకునేంత స్తోమత ఉండదు. మా జీవాంజి దీప్తిని చూడండి. కల్లెడ అమ్మాయి. మేధో వైకల్యం ఉందని చిన్నప్పుడు ఊళ్ళో ఏమేమి మాటలన్నారో ఆమె తల్లిదండ్రులు తర్వాత టీవీల్లో చెప్తే అందరూ విన్నారు. 2024 మేలో జపాన్‌లోని కోబేలో ప్రపంచ పారా అథ్లెటిక్స్ 400 మీటర్లు 55.07 సెకన్లలో ప్రపంచ రికార్డు పెట్టి బంగారం గెలిచింది, సెప్టెంబర్‌లో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం. ఆమె పరుగుని మొదట గుర్తించింది ఆ ఊళ్ళోని ఆర్‌డీఎఫ్ (రూరల్ డెవలప్‌మెంట్ ఫౌండేషన్) బడిలో పీఈటీ సార్. పతకం వచ్చిన రోజు అందరం ఊరేగింపులు చేశాం, పూలదండలు, డప్పులు, సంతోషమే, నేనూ ఆడాను. కానీ ఆ కృతజ్ఞత ఎవరికి చెందాలి అని నాకనిపిస్తుంది. ఒక పిల్ల పరిగెడుతుంటే నిలబడి చూసి, ఈ పిల్లలో ఏదో ఉంది అనుకున్న ఆ పీఈటీ పోస్టుకి చెందాలి. ఇప్పుడు ఎన్ని ప్రభుత్వ బళ్ళలో ఆ పోస్టు ఖాళీ ఉందో టీచర్లని అడగండి. ఎన్ని బళ్ళలో స్పైక్స్ లేక పిల్లలు వట్టికాళ్ళతో ట్రయల్స్‌కి వెళ్తున్నారో అడగండి. జిల్లా మీట్‌కి వెళ్ళడానికి బస్సు చార్జీలు ఇంట్లో ఇవ్వక ఆగిపోయిన ఆడపిల్లలు నా క్లాసులోనే ఉన్నారు.

అభిమానంతో ఇచ్చే గుణం మనకి లేదని మాత్రం ఎవరూ అనొద్దు. చిరంజీవి బ్లడ్ బ్యాంక్ 1998లో మొదలైనప్పటి నుంచీ హీరో పుట్టినరోజంటే చెయ్యి చాచి రక్తం ఇచ్చిన అభిమానులు ఎంతమందో. ఆ రక్తం ఎక్కించుకున్నవాళ్ళని ఆయన సినిమాలు చూస్తారా అని ఎవరూ అడగరు. ఆటల్లో ఆ అలవాటు ఇంకా రాలేదు, ఎందుకంటే ఎవరూ ఒక చోటు చూపించలేదు. పుల్లెల గోపీచంద్ బ్యాడ్మింటన్ అకాడమీ కట్టడానికి 2000ల్లో ఎంత కష్టపడ్డాడో, ఇల్లు తాకట్టు పెట్టాడని అందరికీ తెలుసు. అప్పట్లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన సంతోషంలో ఉన్న మనం తలా నూట పదహార్లు వేసుంటే ఆ ఇల్లు తాకట్టులోకి వెళ్ళేది కాదేమో.

మీరు జనవరి 11కి ఏం చేసినా మంచిదే, మెక్‌గ్రాత్ నర్సులకి పంపినా మంచిదే. నా కోరికల్లా ఒకటే, అందులో కొంత భాగం ఆ ఆటగాడు చిన్నప్పుడు ఆడిన గ్రౌండ్‌కో, అలాంటి ఇంకో గ్రౌండ్‌కో వెళ్ళాలి.

రివర్స్‌స్వింగ్_నల్గొండ

టీచర్ గారూ, మీ మాట కాదనను కానీ పేరుకి ఉండే బలం కూడా చూడాలి. పక్క దేశం ఉదాహరణ చెప్తాను, రాజకీయాలు పక్కన పెట్టి వినండి. ఇమ్రాన్ ఖాన్ తల్లి షౌకత్ ఖానుమ్ 1985లో క్యాన్సర్‌తో చనిపోయింది. లాహోర్‌లో క్యాన్సర్ ఆసుపత్రి కడతానంటే డాక్టర్లే వద్దన్నారు, పేదవాళ్ళకి ఉచితంగా క్యాన్సర్ వైద్యం సాగేది కాదని. 1992లో మెల్‌బోర్న్‌లో కప్పు గెలిచాక ఊరూరా తిరిగాడు, బడిపిల్లల దగ్గర్నుంచీ ఇచ్చారు జనం. 1994 డిసెంబర్‌లో ఆసుపత్రి తెరుచుకుంది, ఇప్పటికీ నడుస్తోంది. కప్పు గెలవకపోతే అంత డబ్బు వచ్చేది కాదు. గెలిచిన తర్వాత అడిగాడు కాబట్టి వచ్చింది. జనం మనసు నిండుగా ఉన్నప్పుడే ఎవరో ఒకరు వెళ్ళి "ఇదిగో, ఇక్కడ వెయ్యండి" అని చూపించాలి. మన దగ్గర కప్పు వచ్చిన రోజు బాణసంచా షాపు తప్ప ఇంకేదీ తెరిచి ఉండదు.

కల్లెడ_దారి

అదే నేను అంటున్నదీ సార్. చూపించే మనిషి కావాలి.

బెజవాడ_బఫెలో

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. గ్రూప్‌లో రెండు రోజులు ఇదే నడిచింది, తేలింది చెప్తున్నాను.

ఇండియాలో ఉన్నవాళ్ళు తలా 161 వేస్తారు, ఎక్కువ ఇవ్వాలనుకునేవాళ్ళు దాని గుణిజం. అది కాకినాడ వైపు ఒక ప్రభుత్వ హైస్కూల్ గ్రౌండ్‌కి వెళ్తుంది, నెట్స్, మ్యాటింగ్, ఆడపిల్లలకి కూడా కిట్ ఒకటి. కాకినాడ తమ్ముడు హెడ్‌మాస్టర్ గారితో మాట్లాడతానన్నాడు. బయట ఉన్నవాళ్ళం మెక్‌గ్రాత్ ఫౌండేషన్‌కి పంపుతాం, తలా 23 డాలర్లు, ఆ 23 నాటౌట్‌కి. పౌరసత్వం మారిన ఇద్దరి గురించి బెంగ కూడా తీరిపోయింది, వాళ్ళది ఇండియాకి రాదు కాబట్టి. "కోట్లున్నాయి కదా" అన్నవాడే అందరికంటే ముందు 1,610 వేస్తానన్నాడు, డాల్టన్ కథ చదివాక.

విహారికి ఈ విషయం తెలియజేయాలా వద్దా అన్నది తేల్చుకోలేకపోయాం. కొందరు ట్యాగ్ చేద్దామంటున్నారు, కొందరు వద్దంటున్నారు. నాకైతే చెప్పాలనే ఉంది, బఫెలోవాళ్ళు డాల్టన్‌కి రాసినట్టు ఒక్కొక్కరూ ఒక్క లైను రాసి.

ఆడిట్ గారూ, ఒక్క సందేహం. ఇక్కడివాళ్ళ డబ్బంతా ఒకడి ఫోన్‌పేకి వేయించుకుని ఒకేసారి ఇస్తే సరిపోతుందా?

ఆడిట్_అమీర్‌పేట

వద్దు. ఒకడి ఖాతాలోకి వస్తే రేపు లెక్క చెప్పాల్సింది అతనే, బ్యాంకు అడిగినా అతన్నే అడుగుతుంది, స్నేహితుల మధ్య మాటలొచ్చేది కూడా ఇక్కడే. ప్రభుత్వ బడి అయితే స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ ఖాతా ఉంటుంది, హెడ్‌మాస్టర్ గారిని అడిగి దానికే ఎవరిది వాళ్ళు నేరుగా వేయండి, కమిటీ తీర్మానం రాయించుకోండి. లేదంటే డబ్బు కాకుండా సామానే కొనివ్వండి, బిల్లు బడి పేరు మీద తీయించి స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించమనండి. రిజిస్టర్‌లో ఎక్కిన బ్యాటు హెడ్‌మాస్టర్ మారినా బడిలోనే ఉంటుంది. మ్యాటింగ్ మాత్రం జనవరిలో కొనండి, వేసవి సెలవుల ముందు కొంటే రెండు నెలలు ఎండకి పడి ఉంటుంది.

ఆఫ్‌స్టంప్_కాకినాడ

సోమవారం హెచ్‌ఎం గారిని కలుస్తున్నాను. పిల్లలు ఎంతమంది ఆడుతున్నారో, కిట్ సైజులు ఏంటో కనుక్కుని ఇక్కడే పెడతాను. టీచర్ గారూ, స్పైక్స్ ఏ కంపెనీవి అయితే ఎర్రమట్టి మీద ఆగుతాయో మీరు చెప్పాలి, ఆ బడిలో పరిగెత్తే పిల్లలు కూడా ఉన్నారట.